టీషర్ట్ స్క్రీన్ ప్రింటింగ్‌కి రెండు రంగుల డిజైన్ ఇస్తున్నారా

ఫెస్ట్‌కో వినాయక మండపానికో టీషర్టులు వేయించేవాళ్ళు వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ అలాగే పంపేయకండి, కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకి ఒక్కో లేయర్ పెట్టి రెండూ ఫుల్ నలుపులోనే ఇవ్వండి, స్క్రీన్‌ని, అంటే ఇంకు దిగే జాలీని, వెలుతురుతో ఎక్స్‌పోజ్ చేసే ఫిల్మ్‌కి నలుపు ఒక్కటే కావాలి, ఎరుపా పసుపా అన్నది ఇంకు కలిపేటప్పటి సంగతి. రెండు లేయర్లలోనూ ఒకే చోట ప్లస్ గుర్తులు పెట్టండి, రెండు రంగులూ సరిగ్గా కుదిరేలా చూసుకోడానికి అవే ఆధారం. రంగులు ఆనుకునే చోట లేత రంగుని ముదురు రంగు కిందకి ఓ అర మిల్లీమీటర్ జరపండి, లేదంటే బట్ట కాస్త కదిలినా మధ్యలో సందు కనిపిస్తుంది. తెలుగు అక్షరాలైతే కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా, చేసేయాల్సిందే, ప్రింట్ చేసేవాళ్ళ సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులన్నీ చెల్లాచెదురు. మరీ చిన్న సైజు కూడా వద్దు, గుడి సున్నాలు ఇంకుతో పూడుకుపోతాయి. అన్నట్టు నల్ల టీషర్ట్ అయితే రంగుల కింద తెల్ల ఇంకు బేస్ పడాలి, అది మూడో స్క్రీన్, రేటు ముందే అడగండి.