సర్క్యూట్స్ ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు: అమెరికాకు కొత్తగా వచ్చిన మన విద్యార్థులకు

మూడు వారాల క్రితం మా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్ ల్యాబ్ చేస్తున్న ఒక తమ్ముడు, బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే సర్క్యూట్) ప్రయోగం రిపోర్టులో రిపుల్ (ఆ డీసీలో ఇంకా మిగిలే హెచ్చుతగ్గులు) పౌనఃపున్యం 100 హెర్ట్జులు అని రాసి సమర్పించాడు. ఇందులో తప్పేమిటో మీలో కొందరికి వెంటనే తట్టకపోవచ్చు, ఎందుకంటే మన ఊళ్ళో అది తప్పు కాదు. మన గోడలోని కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. పూర్తి తరంగాన్ని రెక్టిఫై చేస్తే రిపుల్ దానికి రెట్టింపు, అంటే 100 వస్తుంది. ఇక్కడి గోడలో ఉన్నది 120 వోల్టులు, 60 హెర్ట్జులు కనుక, ఆ బల్ల మీద తరంగాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోపు 120కి కాస్త అటూ ఇటూగా తప్ప మరో అంకె చూపించడానికి వీలే లేదు. ల్యాబ్‌లో సమయం చాలక ఆ ఒక్క కొలత తీసుకోకుండానే లేచి వచ్చిన ఆ అబ్బాయి, బీటెక్ రెండో సంవత్సరంలో తాను రాసుకున్న రికార్డు ఫొటోలు ఫోనులో ఉంటే, వాటి నుంచి మక్కికి మక్కీ ఎత్తి రాశాడు.

ల్యాబ్ నడిపి రిపోర్టులు దిద్దే టీఏకి (టీచింగ్ అసిస్టెంటుకు) అది పట్టుకోవడానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. విద్యార్థుల ప్రవర్తన నియమాలు చూసే కార్యాలయం నుంచి ఈమెయిలు వస్తే, భయంతో నాలుగు రోజులు దాన్ని తెరవకుండా ఉండి, జవాబు ఇవ్వవలసిన గడువుకు ముందు రాత్రి నా గది తలుపు తట్టాడు. కూర్చోగానే అడిగిన మొదటి మాట: "అన్నా, అది నా రికార్డే కదా, ఇంకెవరిదో కాదు కదా, కాపీ ఎలా అవుతుంది?"

బ్యాంకు ఖాతా గురించీ, ఫోను సిమ్ము గురించీ, సోనామసూరి దొరికే దుకాణం గురించీ మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు; ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు తక్కువ కనుక నేను దీని గురించే రాస్తున్నాను. ఇంజనీరింగ్‌లో వేరే శాఖ నుంచి ఎమ్మెస్‌కు వచ్చి, ముందు ఈ కోర్సు పూర్తి చేయమని చెప్పించుకున్నవారూ, ఇంటర్ కాగానే బీఎస్‌కు వచ్చినవారూ దీన్ని సమానంగా చదవాలి.

మనకు ల్యాబ్ అంటే అబ్జర్వేషన్ బుక్కు ఒకటి, రికార్డు ఒకటి. రీడింగులు అబ్జర్వేషన్‌లో గీకుతాము, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని అందంగా రికార్డు రాస్తాము, గ్రాఫు మీద బిందువులు గీత మీదికి రాకపోతే బిందువులనే గీత దగ్గరికి జరుపుతాము. సంతకానికి వెళ్ళినప్పుడు "ఈ విలువ ఎందుకు ఇలా వచ్చింది, సరిచేసుకుని రా" అన్న మాట వినని విద్యార్థి మనలో ఎవరున్నారు? అలా నేర్చుకున్నది మన తప్పని నేను అనను. కానీ అదే పనికి ఇక్కడ పేరు వేరు. చేయని కొలతను చేసినట్టు రాయడాన్నీ, వచ్చిన కొలతను మార్చి రాయడాన్నీ ఇక్కడ కల్పిత డేటా అంటారు. ఇతరుల వాక్యాలు దొంగిలించడం దాని పక్కన ఉండే మరో తప్పు. రికార్డు తనదైనా కొలత ఆ రోజుది కాదు కనుక, తమ్ముడి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

నేను ఈ మాట సుద్దులు చెప్పే అర్హతతో చెప్పడం లేదు. నా మొదటి సెమిస్టర్‌లో మూడో ప్రయోగం 741 ఆప్‌ఆంప్ అనే ఐసీతో ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్. గెయిన్, అంటే ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ ఎన్ని రెట్లో ఆ అంకె, 10 రావాలి. ఇన్‌పుట్ తరంగాన్ని ఇచ్చే ఫంక్షన్ జనరేటర్ మీద అర వోల్టు పెట్టాము, అవుట్‌పుట్ ఐదు వోల్టులు ఉండవలసింది పది ఉంది. గెయిన్ 20 అని రాస్తే మార్కులు పోతాయని, నేనూ నా పార్టనరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోట్‌బుక్‌లో అవుట్‌పుట్ ఐదు వోల్టులు అని రాశాము. మరుసటి వారం టీఏ మమ్మల్ని పిలిచి నెమ్మదిగా ఒకటే అడిగింది: "ఈ గదిలో అన్ని బల్లల మీదా పది వచ్చింది, మీ బల్ల మీద మాత్రమే ఐదు ఎలా వచ్చింది?" ఆ జనరేటర్ అవుట్‌పుట్ నిరోధం 50 ఓములు, అవతల కూడా 50 ఓముల లోడు ఉందనుకుని అది తెర మీద అంకె చూపిస్తుంది, మన సర్క్యూట్ వంటి పెద్ద నిరోధానికి కలిపితే నిజంగా వచ్చేది ఆ అంకెకు రెట్టింపు. ఇన్‌పుట్‌ను కూడా స్కోపుతో కొలిచి ఉంటే ఒక వోల్టు కనిపించేది, గెయిన్ పదే వచ్చేది. ఆ ప్రయోగం పెట్టిందే ఆ ఆశ్చర్యం కోసం. మేము దాన్ని చెరిపేసి, సున్నా తెచ్చుకున్నాము. నా తల కొట్టేసినట్టయింది, ఆ నెలంతా ఇంటికి ఫోను చేసినప్పుడు చదువు మాట రాకుండా జాగ్రత్తపడ్డాను.

కనుక నోట్‌బుక్ సంగతి వినండి. సాధారణంగా పుటలు కుట్టిన పుస్తకం వాడమంటారు, పుట చింపరాదు. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టి, కింది అంకె చదవగలిగేలా ఉంచి, పక్కన సరైనది రాయాలి. వైట్‌నర్ బ్యాగులో ఉంటే ఇప్పుడే తీసి పారేయండి. ప్రతి పుట మీద తేదీ ఉండాలి. రెసిస్టర్ మీద రంగులు చూసి పది కిలోఓములు అని రాయకండి, మల్టీమీటరుతో కొలిచి వచ్చిన విలువ రాయండి. బంగారు పట్టీ అంటే ఐదు శాతం అటూ ఇటూ ఉండవచ్చునని అర్థం, మీ గెయిన్ 9.7 రావడానికి కారణం చాలాసార్లు అదే. బయటికి వచ్చే ముందు టీఏ చేత ఆ పుట మీద సంతకం చేయించుకోవడం మరవకండి. ఇల్లు చేరాక శుభ్రంగా మళ్ళీ రాద్దామన్న ఆలోచన మన రక్తంలో ఉంది, దాన్ని అణచుకోండి. మురికిగా ఉన్న ఆ పుటే అసలు పత్రం.

పార్టనర్ విషయంలో మనవాళ్ళు ఎక్కువగా తికమకపడతారు. కలిసి కొలిచిన రీడింగులు ఇద్దరివీ, వాటిని ఇద్దరూ వాడుకోవచ్చు. కానీ విడివిడిగా రిపోర్టు ఇవ్వమన్నప్పుడు విశ్లేషణా, గ్రాఫూ, వాక్యాలూ ఎవరివి వారే రాసుకోవాలి. సీనియర్లు డ్రైవ్‌లో దాచి పంచిపెట్టే పాత రిపోర్టుల జోలికి వెళ్ళకండి, మీ రిపోర్టు జూనియర్‌కు ఇవ్వకండి. అడిగినవాడు మన ఊరివాడు, కాదంటే ఏమనుకుంటాడోనన్న మొహమాటం నాకు తెలుసు. అయితే తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడి పేరు కూడా ఆ కార్యాలయానికి వెళుతుంది, అప్పుడు మొహమాటం ఎవరినీ కాపాడదు. చాట్‌బాట్ వాడవచ్చునా అన్నది కోర్సును బట్టి మారుతుంది. సిలబస్ చదవండి, అందులో లేకపోతే ప్రొఫెసర్‌ను రాతపూర్వకంగా అడగండి.

సిలబస్ చదవండి అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చదవరు. మన దగ్గర సిలబస్ అంటే పాఠాల పట్టిక. ఇక్కడ అది మీకూ ప్రొఫెసర్‌కూ మధ్య ఒప్పందం వంటిది. ల్యాబ్‌కు ముందే చేయవలసిన ప్రీల్యాబ్ లెక్కలు ఎప్పటికి ఇవ్వాలి, ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే లోపలికి రానివ్వరు, ఒక ల్యాబ్ తప్పితే ఏమవుతుంది, అంతా అందులోనే ఉంటుంది. చివర్లో ఎక్స్‌టర్నల్ వచ్చి వైవా అడిగి సర్దేస్తాడన్న ఆశ పెట్టుకోకండి, అటువంటివాడు ఎవరూ రాడు.

ఇక ఈమెయిలు వచ్చేసిందే అనుకుందాం. తెరవండి. గడువులోగా జవాబు ఇవ్వండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. కోర్సు డ్రాప్ చేస్తే కేసు పోతుందన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. సాధారణంగా పోదు, పైగా కొత్త చిక్కు వస్తుంది. ఎఫ్-1 వీసా మీద అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థికి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఆ సంఖ్యను విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగకుండా ఒక కోర్సు వదిలితే, నోట్‌బుక్‌తో మొదలైన గొడవ మీ వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం దాకా వెళుతుంది.

చేతి పని గురించి తక్కువ చెబుతాను, అది చేస్తేనే వస్తుంది. మన బీసీ547 ట్రాన్సిస్టర్‌ను చదునైన వైపు మనకేసి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఇక్కడి ల్యాబ్‌లలో కనిపించే 2ఎన్3904కు సరిగ్గా తిరగేసి ఎమిటర్, బేస్, కలెక్టర్. అలవాటులో గుచ్చితే సర్క్యూట్ పనిచేసీ చేయనట్టుండి గంట తినేస్తుంది. బల్ల మీద ఉండే మామూలు స్కోపుకు ప్రోబు నల్ల క్లిప్పు నేరుగా భూమికి కలిసి ఉంటుంది, దాన్ని సర్క్యూట్ మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే షార్టే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి పది నిమిషాల్లో ఐసీ కొనుక్కొచ్చే సౌకర్యం ఇక్కడ లేదు. డిపార్ట్‌మెంటు స్టాక్‌రూములో లేకపోతే ఆన్‌లైన్‌లో విడిభాగాలు అమ్మే డిజీకీకో మౌజర్‌కో ఆర్డరు పెట్టి పార్సిలు కోసం ఎదురుచూడాలి, కనుక ఒకటికి రెండు తెప్పించుకోండి.

ఇంత భయపెట్టాక ఒక మాట చెప్పక తప్పదు. తప్పు రీడింగు వచ్చినందుకు నాకు ఎవరూ మార్కులు తగ్గించలేదు. "గెయిన్ 20 వచ్చింది, కారణం నాకు అర్థం కాలేదు, ఫలానా చోట అనుమానం ఉంది" అని నిజాయితీగా రాసిన రిపోర్టులకు నేను టీఏగా ఉన్న ఏడాదిలో మంచి మార్కులే వేశాను. మల్టీమీటరులో నేను కాల్చిన రెండు ఫ్యూజులకు ఎవరూ డబ్బులు అడగలేదు. ఆ సున్నా ఉన్న కోర్సులోనే నాకు చివరికి బీ ప్లస్ వచ్చింది. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే కుదురుకుంటాయి, మీవీ కుదురుకుంటాయి, కాస్త ఓపిక పట్టండి.

ఆ తమ్ముడికి రిపోర్టు సున్నాతో పోయింది, కోర్సు మిగిలింది. మొదటి తప్పు కావడం, దాచకుండా ఒప్పుకోవడం పనిచేశాయి. మొన్న బుధవారం రెక్టిఫయర్‌ను తన సంతృప్తి కోసం మళ్ళీ కట్టుకున్నానని నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. రిపుల్ దగ్గర 119.9 అని రాసి ఉంది. పుట మీద తేదీ లేదు, నా ఎదుటే వేయించాను.