ఊరి చరిత్ర రాద్దాం – 4వ పాఠం: విగ్రహాన్ని చదవడం

పోయినసారి పాత భూమి కాగితాలు చూశాం. ఈసారి వాటిని పక్కన పెట్టి, నడిబజారులో నిలబడ్డ విగ్రహం దగ్గరికి వెళ్దాం.

అమెరికాలో అలబామా రాష్ట్రం, కాఫీ కౌంటీ. మనం తాగే కాఫీ కాదు, జాన్ కాఫీ అనే సేనాని పేరు. అక్కడి ఎంటర్‌ప్రైజ్ పట్టణంలో ఒక స్త్రీ విగ్రహం ఉంది. రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నది పూర్ణకుంభం అనుకుంటాం. తీరా చూస్తే పురుగు! పత్తిని తినేసే ముక్కు పురుగు.

ముందు తేదీలు అడగండి. విగ్రహం పెట్టింది 1919 డిసెంబర్ 11న. పురుగు వచ్చి చేరింది 1949లో. ముప్పై ఏళ్లు ఆమె చేతుల్లో పురుగే లేదు. అందుకే ఏ విగ్రహం దగ్గరైనా "ఎప్పుడు కట్టారు" అని అడిగి ఊరుకోకండి, "తర్వాత ఏం చేర్చారు" అని కూడా అడగండి.

ఇక ఫలకం. సౌభాగ్యానికి దూతగా వచ్చిన పురుగుకు పట్టణ ప్రజల కృతజ్ఞత అని ఉంటుంది. పురుగుకు థ్యాంక్స్ ఏమిటో తెలియాలంటే చేలోకి దిగాలి. ఇది మన గులాబీ రంగు పురుగు కాదు. మెక్సికో నుంచి 1890ల్లో టెక్సాస్‌లోకి వచ్చి, 1915 ప్రాంతంలో ఈ కౌంటీకి చేరింది. మొగ్గకు ముక్కుతో బెజ్జం చేసి గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు లోపలే తిని పెరుగుతుంది, మొగ్గ రాలిపోతుంది. చేను చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం నిలవదు. అప్పుడు సెషన్స్ అనే బ్యాంకరు ఒక రైతును వేరుశనగకు ఒప్పించాడు. 1916లో వేసిన ఆ పంటతో రైతు అప్పు తీరింది. చుట్టుపక్కల వాళ్లూ అటే మళ్లారు. ఇప్పటికీ ఆ ప్రాంతంలో రోడ్ల పక్కన పచ్చి కాయల్ని ఉప్పునీళ్లలో ఉడికించి అమ్ముతారు, మన దగ్గరలాగే. చరిత్ర రాసేవాడు ఆ బండి దగ్గర కూడా ఆగాలి.

నాకు అసలు ముఖ్యమనిపించేది మూడోది: ఫలకం మీద ఎవరు లేరు? పురుగుకు దండం పెట్టారు సరే, పత్తి పోయినప్పుడు సొంత భూమి లేని కౌలుదారు ఏమయ్యాడు? ఆ మాట రాయి మీద దొరకదు. జనాభా లెక్కల్లో, కోర్టు కాగితాల్లో వెతకాలి. ఈ కౌంటీలో కోర్టు భవనాలు రెండు, ఎల్బాలో ఒకటి, ఎంటర్‌ప్రైజ్‌లో ఒకటి. ఒకచోట చూసి లేదనుకోకండి.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక విగ్రహమో, బావి మీది శిలాఫలకమో ఎంచుకోండి. తేదీలు, చందాదారుల పేర్లు, తర్వాత చేర్చిన ముక్కలు రాసుకోండి. సిమెంటు రంగు తేడాగా ఉన్నచోట వేలు పెట్టి చూడండి. తర్వాత ఊళ్లో పెద్దవాళ్లెవరినైనా "ఇందులో ఎవరి పేరు లేదు?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలు.