మాల్దీవులకు పోతున్నారా? ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ తీయకండి

పోయిన నెల హనుమకొండలోనే ఒక ఇంటికి పరామర్శకు పోయి వచ్చాను. ముప్పై నాలుగేళ్ల మనిషి. పెళ్లయిన ఐదేళ్లకు మొదటిసారి భార్యాభర్తలిద్దరూ విమానం ఎక్కి మాల్దీవులకు పోయారు, ఐదు రోజుల ప్యాకేజీ, మూడో రోజు పొద్దున పదిన్నరకు ఆయన నీళ్లలోనే పోయాడు. తుఫాను లేదు, షార్క్ లేదు, పడవ మునగలేదు. మోకాళ్ల లోతులో నడుచుకుంటూ దిగిన మనిషి. వాళ్ల అమ్మ వచ్చినవాళ్లందరితో ఒకటే మాట అంటోంది: "నా కొడుక్కు ఈత వచ్చు బిడ్డా, పదేండ్లప్పుడే బాయిల దుంకేటోడు."

నేను పదకొండేళ్లుగా ఇక్కడ టికెట్లు, టూర్లు చూస్తున్నాను. ఆ టికెట్ నేను చేసింది కాదు, కానీ ఆ మాట నాకు కొత్త కాదు. ఇంతకుముందు నా దగ్గర బుక్ చేసుకున్నవాళ్లలోనే ఇద్దరు ఇలాగే చావు దాకా పోయి వచ్చారు. ఇద్దరికీ ఈత వచ్చు. ఇద్దరూ జాకెట్ తీసేసినవాళ్లే.

ఎండాకాలం సెలవులు వచ్చాయి, ఫోన్లు మొదలయ్యాయి కాబట్టి రాస్తున్నాను. పాస్‌పోర్ట్ గడువు చూసుకోండి, సన్‌స్క్రీన్ పెట్టుకోండి లాంటివి ఇక్కడ రాయను, అవి మీకు తెలుసు.

టికెట్ కొనేముందు

మే నెల నుంచి ప్యాకేజీ ఒక్కసారిగా ఎందుకు అంత తగ్గిందో ముందు అర్థం చేసుకోండి. మనకు జూన్‌లో వచ్చే నైరుతి రుతుపవనాలు అక్కడ మే నుంచే మొదలవుతాయి, దాదాపు అక్టోబర్ దాకా ఉంటాయి. వానలు, గాలి, అలలు. సముద్రం నెమ్మదిగా ఉండేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు. మే, జూన్‌లో పోవద్దని నేను అనను, చాలామందికి సెలవులు అప్పుడే దొరుకుతాయి, కానీ చవకగా వచ్చిన టికెట్‌తో పాటు ఉధృతంగా ఉన్న సముద్రం కూడా వస్తుందని తెలిసి పోండి. దసరాకు పోయేవాళ్లకు కూడా ఇదే మాట.

విమానం రాజధాని మాలే పక్కన దిగాక రిసార్ట్‌కు స్పీడ్‌బోట్‌లోనో, నీళ్ల మీద దిగే చిన్న విమానం సీప్లేన్‌లోనో పోవాలి. సీప్లేన్ పగటిపూటే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రోజు దొరకడం కష్టం, ఆ రాత్రి మాలేలోనో పక్క దీవి హుల్హుమాలేలోనో మీ ఖర్చుతో పడుకోవాలి. ఇది చూసుకోకుండా టికెట్ కొన్నవాళ్లు రిసార్ట్‌లో ఒక రాత్రి డబ్బు గంగలో పోసినట్టే. లోకల్ ఐలాండ్‌లో, అంటే అక్కడి జనం ఉండే దీవిలో, గెస్ట్‌హౌస్ తీసుకొని ప్రభుత్వ ఫెర్రీలో పోదాం అనుకునేవాళ్లు శుక్రవారం ఫెర్రీలు సాధారణంగా నడవవని గుర్తుపెట్టుకోండి, అక్కడ శుక్రవారం సెలవు.

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పది శాతం సర్వీస్ ఛార్జ్, పదిహేడు శాతం పన్ను ఇంకా కలపలేదని అర్థం. గ్రీన్ ట్యాక్స్ వేరే: రిసార్ట్‌లో మనిషికి రోజుకు 12 డాలర్లు, చిన్న గెస్ట్‌హౌస్‌లో 6. అక్కడికి పోయాక కౌంటర్ దగ్గర గొడవ పడే బదులు ఇక్కడే మొత్తం లెక్క కాగితం మీద రాయించుకోండి.

ప్రయాణానికి ముందు 96 గంటల లోపల ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఫ్రీ. డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనబడితే అది దొంగదే. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి నింపాలి, రెండోది అందరూ మర్చిపోతారు.

బ్యాగులో

మనవాళ్లు ఎక్కడికి పోయినా చిన్న దేవుడి విగ్రహం బ్యాగులో పెట్టుకుంటారు. అక్కడి కస్టమ్స్ నిషేధించిన వస్తువుల్లో పూజకు వాడే విగ్రహాలు ఉన్నాయి. ఇంట్లోనే దండం పెట్టుకొని బయలుదేరండి. శంషాబాద్ డ్యూటీఫ్రీలో కొన్న సీసా కూడా లోపలికి రానివ్వరు. 2024 చివరి నుంచి వేప్ (ఈ-సిగరెట్) పూర్తిగా నిషేధం, టూరిస్టులకు కూడా. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా పెట్టుకోవద్దు. సకినాలు, పచ్చళ్లు తీసుకుపోండి, కానీ సీప్లేన్‌లో పెద్ద బ్యాగు 20 కిలోలు, చేతి బ్యాగు 5 కిలోలు మాత్రమే, మీ అమ్మగారు డబ్బాలు సర్దేముందే ఈ సంగతి చెప్పండి. ప్లగ్ మనది అన్ని చోట్లా పట్టదు, మూడు చదును పిన్నుల అడాప్టర్ పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ తీసుకోండి. చిన్న దీవిలో ఉండేది మహా అయితే ఒక క్లినిక్. పెద్ద ఆసుపత్రి మాలేలో ఉంటుంది, అక్కడిదాకా సముద్రం మీద తీసుకుపోవాలి, ఆ ఖర్చు ఎవరు పెడతారో పాలసీలో చదవండి. తాగి నీళ్లలో దిగితే డబ్బులు రావని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

నీళ్లు

ఇప్పుడు అసలు సంగతి. దీవి చుట్టూ లేత నీలం రంగులో కనబడేది లగూన్. నడుము లోతు, ఛాతీ లోతు, అడుగున తెల్ల ఇసుక. కొంచెం ముందుకు పోతే రంగు ఒక్కసారిగా ముదురు నీలంలోకి మారుతుంది. అది పగడపు దిబ్బ అంచు. అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతుంది, పదుల మీటర్ల లోతుకు. కళ్లకు మాస్క్, నోట్లో ఊపిరి తీసుకునే పైపు (స్నార్కెల్) పెట్టుకొని, తల నీళ్లలో పెట్టి చేపలు చూస్తూ తేలడమే స్నార్కెలింగ్. చేపలన్నీ ఆ అంచు దగ్గరే ఉంటాయి కాబట్టి అందరూ అక్కడికే పోతారు. దిబ్బల మధ్య దారులు ఉంటాయి, ఆటుపోట్లకు సముద్రం నీళ్లన్నీ వాటిలోంచే లోపలికి వస్తాయి, బయటికి పోతాయి. చెరువు తూము ఎత్తినప్పుడు నీళ్లు ఎలా లాగుతాయో మీరు చూసే ఉంటారు. అదే లాగుడు, తూము మాత్రం కనబడదు. పైన నీళ్లు అద్దంలా ఉంటాయి.

బాయిలో నాలుగు బారలు వేస్తే గోడ తగులుతుంది. మెట్లుంటాయి, గట్టు మీద దోస్తులుంటారు. అలసిపోయిన నిమిషానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. మన ఒంటికి తెలిసిన ఈత అది. సముద్రంలో ఉప్పునీళ్లు తేలుస్తాయి, కాళ్లకు ఫిన్స్ (రబ్బరు రెక్కలు) ఉంటాయి, మొదటి పది నిమిషాలు నేను గజ ఈతగాణ్ని అనిపిస్తుంది, ఆ పది నిమిషాల్లో మిమ్మల్ని నీళ్లు ఎంత దూరం తీసుకుపోయాయో తల కిందికి పెట్టి చేపలు చూసే మనిషికి తెలియదు. తల ఎత్తేసరికి ఒడ్డు ఎక్కడో ఉంటుంది. అప్పుడు ఒడ్డు వైపు గబగబా ఈదుతారు, నీళ్లు ఎదురు వస్తుంటాయి, ఊపిరి పెరుగుతుంది, అదే సమయానికి ఒక చిన్న అల పైపులోకి వస్తుంది, గుక్కెడు ఉప్పునీళ్లు గొంతులో పడతాయి. టెన్షన్‌లో మాస్క్ పీకేస్తారు. కాళ్ల కింద నేల ఉండదు.

ఆయన విషయంలో ఏం జరిగిందో వాళ్ల బావ చెప్పాడు. మొదటి రోజు జాకెట్ వేసుకునే దిగాడు. మూడో రోజు, వీడియోలో లావుగా కనబడుతున్నానని, కిందికి మునిగి పగడాల దగ్గర ఫొటో దిగడానికి జాకెట్ అడ్డం వస్తోందని తీసి చెక్క డెక్ మీద పెట్టాడు. ఆమె డెక్ మీద కూర్చొని ఫోన్‌లో తీస్తోంది. ఆ వీడియోలో దాదాపు నిమిషం పాటు ఆయన బోర్లా తేలుతూ కనబడతాడు, నారింజ రంగు పైపు నిటారుగానే ఉంది. చేపలు చూస్తున్నాడనే అనుకుంది. అరుపు లేదు, చెయ్యి ఎత్తలేదు. "బాగున్నయా చేపలు?" అని ఆమె అడుగుతున్న గొంతు అందులో ఉందట. వీడియో చూడమన్నారు, నేను చూడలేకపోయాను.

మునిగేవాడు అరవడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక అరిచేది ఎక్కడ. స్నార్కెల్ పెట్టుకున్న మనిషి బతికి ఉన్నా, ప్రాణం పోతున్నా ఒడ్డు మీదివాళ్లకు ఒకేలా కనబడతాడు. జాకెట్ ఉంటే అలసిపోయినా నీటి పైనే తేలుతాడు, తల ఎత్తి ఊపిరి తీసుకోవడానికి, ఎవరో ఒకరు లాగడానికి సమయం దొరుకుతుంది. అందుకే చెప్తున్నాను: ఈత వచ్చినా జాకెట్ తీయొద్దు. ఫొటో కోసం తీయొద్దు. రెండు నిమిషాలే కదా అని తీయొద్దు.

జాకెట్ వేసుకోవడం కూడా సరిగ్గా తెలియాలి. బకిల్స్ అన్నీ పెట్టాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమనండి. చెవుల దాకా వస్తే అది వదులు, నీళ్లలో మీ తల మీంచి జారిపోతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అదీ బిగించండి. చాలా చోట్ల మాస్క్ వాళ్లే చేతిలో పెడతారు, జాకెట్ మాత్రం అడిగితేనే ఇస్తారు. సిగ్గుపడకుండా అడగండి. పిల్లల సైజు ఉందా లేదా అని బుకింగ్ అప్పుడే మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకోండి, లక్నవరంలో పడవ ఎక్కినప్పుడు పిల్లాడికి పెద్దవాళ్ల జాకెట్ తొడిగినట్టు అక్కడ తొడగొద్దు. గాలి నింపే ట్యూబులు, చేతులకు వేసే బెలూన్లు ఆట వస్తువులు, జాకెట్‌కు బదులు కావు.

ఇక మిగిలినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను:

- రాత్రంతా నిద్ర లేకుండా వరంగల్ నుంచి శంషాబాద్, అక్కడి నుంచి ఇంకో విమానం, తర్వాత బోటు. ఆ రోజు నీళ్లలో దిగొద్దు.
- పోకముందే ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో మాస్క్, పైపు పెట్టుకొని నాలుగు రోజులు అలవాటు చేసుకోండి. పైపులో నీళ్లు వస్తే గట్టిగా ఊది బయటికి కొట్టడం రావాలి. అది రాని మనిషి అంచు దగ్గరికి పోకూడదు.
- ముఖం మొత్తం కప్పే మాస్క్ వద్దు.
- గుండె జబ్బు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా స్నార్కెలింగ్ చేయొద్దు. నీళ్లలో ఊపిరి బరువుగా అనిపిస్తే ఆ క్షణమే వెల్లకిలా తిరిగి చెయ్యి ఎత్తండి.
- నీళ్లు లాగుతుంటే ఎదురు ఈదొద్దు. వెల్లకిలా తేలండి, చెయ్యి ఊపండి, లాగుడుకు అడ్డంగా పక్కకు జరగండి.
- ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దుంకొద్దు. తమ్ముడి కోసం అన్న దుంకితే రెండు శవాలు వస్తాయి. తేలే వస్తువు ఏది దొరికితే అది విసరండి, అరిచి మనుషులను పిలవండి.
- ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. పక్కవాళ్లు దిగారని దిగొద్దు.
- తాగి దిగొద్దు. ఒక్క బీరే అనొద్దు.
- ఒంటరిగా దిగొద్దు. చీకటి పడ్డాక డెక్ మెట్లు దిగొద్దు.
- పగడాల మీద నడవొద్దు. కోసుకుంటే పుండు తొందరగా మానదు, రాయిలా కనబడే స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే నరకం. పగడం ముక్క జేబులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.
- అలలు ఉన్న రోజు స్పీడ్‌బోట్‌లో ముందు సీటు వద్దు, ఎగిరి పడితే వెన్నుపూస విరుగుతుంది. వెనక కూర్చోండి. గర్భిణులు బోటు గురించి టికెట్ కొనకముందే డాక్టర్‌ను అడగాలి.
- స్కూబా (గాలి సిలిండర్‌తో లోతుకు దిగడం) చేస్తే తర్వాత 24 గంటలు విమానం ఎక్కొద్దు. చివరి రోజుకు పెట్టుకోవద్దు.
- లోకల్ ఐలాండ్‌లో ఈత దుస్తులతో ఊళ్లో తిరగొద్దు.
- పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండాలి. నేను చూసుకుంటున్నా అని చెప్పి ఫోన్ చూసే మనిషి కాదు.
- జాకెట్. మళ్లీ చెప్తున్నాను, ఆఖరి రోజు కూడా. అలవాటైంది, ధైర్యం వచ్చింది అనుకునే మూడో రోజే మనవాళ్లు దాన్ని తీసేది.
- ఒడ్డున ఉన్న మనిషి వీడియో తీయొద్దు. చూడండి. నీళ్లలో ఉన్నవాళ్లు నిమిషానికి ఒకసారి తల ఎత్తి చెయ్యి చూపించాలని ముందే మాట్లాడుకోండి. చూపించలేదా, వెంటనే అరవండి.
- కోస్ట్‌గార్డ్ 191, అంబులెన్స్ 102, పోలీస్ 119. ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి, మీ రూమ్ నంబర్ కూడా కింద రాసి, ఒడ్డున కూర్చునేవాళ్ల చేతిలో పెట్టి అప్పుడు దిగండి.