డిస్కులో ఉన్న సౌండు స్పీకర్ల దాకా రావాలంటే

ఆరు నెలల పాటు నేను తప్పు సౌండు విన్నాను. బ్లూరే డిస్కులు రిప్ చేసి (డిస్కులోని సినిమాని కంప్యూటర్లోకి ఫైలుగా దించి), సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏవీ రిసీవరు (సౌండును డీకోడ్ చేసి స్పీకర్లకు పంపే పెట్టె) మీద సినిమాలు వేసుకుంటూ "అబ్బ, ఏం సౌండు!" అని తెగ మురిసిపోయాను. ఒక ఆదివారం దుమ్ము తుడుస్తూ రిసీవరు మీది చిన్న డిస్‌ప్లే చదివితే 'డాల్బీ డిజిటల్' అని ఉంది. అది బాగా కుదించిన సౌండు. ఫైల్లో ఉన్నదేమో ఏదీ పోగొట్టని డాల్బీ ట్రూహెచ్‌డీ. టీవీ నుంచి రిసీవరుకు నేనే లాగిన ఆప్టికల్ కేబులే కొంప ముంచింది.

అందుకే రిప్పింగ్ కంటే ముందు కేబుల్ సంగతి చెప్తాను. ఆప్టికల్ కేబుల్లో వెళ్లేది స్టీరియో పీసీఎం (కుదించని సౌండు, రెండే ఛానళ్లు), లేదంటే బాగా కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్). అంతే. బ్లూరేలో డాల్బీ డిజిటల్ సెకనుకు 640 కిలోబిట్లు దాటదు. అదే ట్రూహెచ్‌డీ 18 మెగాబిట్ల దాకా, దానిలాంటిదే అయిన డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో 24.5 మెగాబిట్ల దాకా పోతాయి. వీటికి హెచ్‌డీఎంఐ తప్పదు. అది కూడా 2006లో వచ్చిన 1.3 వెర్షనో, ఆ తర్వాతిదో అయ్యుండాలి. కంప్యూటర్ నుంచి కేబులు నేరుగా రిసీవరుకు, అక్కడి నుంచి టీవీకి వేయండి. టీవీ మీదుగానే సౌండు రావాలంటే టీవీకీ రిసీవరుకూ రెండింటికీ ఈఆర్క్ (టీవీ సౌండును హెచ్‌డీఎంఐలోనే రిసీవరుకు పంపే ఆర్క్‌కు కొత్త రూపం) ఉండాలి. మామూలు ఆర్క్ సరిపోదు.

ఇక రిప్పింగ్. ఇవన్నీ మనం డబ్బు పెట్టి కొన్న డిస్కుల గురించే చెప్తున్నాను. యూఎస్‌బీ బ్లూరే డ్రైవు ఒకటి, మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేరు ఒకటి చాలు. 4కే డిస్కులు చదవాలంటే మాత్రం అన్ని డ్రైవులూ పనికిరావు, కొనే ముందే మోడలు నంబరు చూసుకోండి. మాది వైజాగ్. సముద్రం గాలికి డిస్కుల మీద తెల్లటి మసక పడుతుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పితే పడ్డ గీత ట్రాకు వెంబడే పోతుంది, డ్రైవు అక్కడే ఆగిపోతుంది.

డిస్కు తెరవగానే టైటిళ్ల లిస్టు వస్తుంది. సినిమా సాధారణంగా అన్నిటికంటే పెద్దది. దాన్ని విప్పి ఆడియో ట్రాకులు చూడండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒకే భాషకు ట్రూహెచ్‌డీ 7.1 ఒకటి, దాని కిందే డాల్బీ డిజిటల్ 5.1 ఒకటి ఉంటాయి. రెండోది పాత రిసీవర్ల కోసం పెట్టిన చిన్న ట్రాకు. మొదటిదానికి టిక్ ఉందో లేదో చూసుకోండి, అక్కర్లేని భాషలు తీసేయండి. మేక్‌ఎంకేవీ దేన్నీ మళ్లీ కుదించదు, డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టే ఎంకేవీ ఫైల్లో పెడుతుంది. నా డ్రైవు మీద ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఈలోపు కరెంటు పోతే మళ్లీ మొదటికే, కాబట్టి ల్యాప్‌టాప్ మీద చేయడం మేలు. ఫైలు పెద్దదిగా ఉందని ఇంకో సాఫ్ట్‌వేర్లో వేసి తగ్గించకండి, సెట్టింగులు చూసుకోకపోతే ముందు పోయేది ఆడియోనే. సినిమాకు 35 జీబీ వేసుకున్నా 4 టీబీ హార్డ్ డిస్కులో వంద పడతాయి.

ప్లే చేయడానికి నేను వాడేది కోడి అనే ప్లేయర్ సాఫ్ట్‌వేరు. (పేరు విని మా ఆవిడ ఇప్పటికీ "కోడి కూసిందా?" అంటుంది.) సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఆడియో. కింద మూల ఉన్న లెవెల్‌ని ఎక్స్‌పర్ట్‌కి మార్చండి. పాస్‌త్రూ (సౌండును విప్పకుండా ఉన్నదున్నట్టే రిసీవరుకు పంపడం) ఆన్ చేసి, ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ రెండింటికీ టిక్ పెట్టండి. డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్‌కి (సౌండును డాల్బీ డిజిటల్‌గా మళ్లీ కుదించడం) టిక్ ఉంటే తీసేయండి. ఆరు నెలలు నేను పట్టించుకోనిది ఆ టిక్కే, ఆప్టికల్ కేబుల్లో 5.1 రావాలని నేనే పెట్టుకున్నాను. ప్లేయర్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్‌ని డిస్‌ప్లేకి సింక్ చేసే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నా పాస్‌త్రూ పనిచేయదు. అన్నీ కుదిరాక కోడిలో వాల్యూమ్ నొక్కితే సౌండు మారదు. కంగారు పడకండి, మంచి గుర్తే అది. ఇక వాల్యూమ్ రిసీవరు రిమోట్‌తోనే.

మీ రిసీవరుకు ట్రూహెచ్‌డీ తెలియదు గానీ హెచ్‌డీఎంఐలో మల్టీఛానల్ పీసీఎం తీసుకుంటుందా? పాస్‌త్రూ ఆపేసి, ఛానళ్ల సంఖ్య 5.1కో 7.1కో పెట్టండి. డీకోడింగ్ కోడి చూసుకుంటుంది, నాణ్యత తగ్గదు. అట్మాస్ ఉన్న ట్రాకులో పైనుంచి వినిపించాల్సిన ఎఫెక్టులు మాత్రం విడిగా రావు, మామూలు స్పీకర్లలోనే కలిసిపోతాయి.

ఫైళ్లు ఒక గదిలో, టీవీ ఇంకో గదిలో ఉంటే వైఫైని నమ్ముకోకండి. మంచి సీన్లో ఆగుతుంది. లాన్ కేబులు లాగండి.

చివర్లో పరీక్ష. వర్షం పడే సీను పెట్టి ఎడమ వెనక స్పీకరుకు చెవి ఆనించండి. చినుకులు విడివిడిగా వినిపించాలి. ఏమీ లేకపోతే స్పీకరు వైరు చూసుకోండి. మా ఇంట్లో దాన్ని ఎలుక కొరికేసింది.