బోన్ చైనా బొమ్మల మడతల్లో దుమ్ము పోవాలంటే

ఇంగ్లండ్ పింగాణీ కంపెనీ రాయల్ డౌల్టన్ వాళ్ల పాత అమ్మాయి బొమ్మలు కొనేవాళ్లకి తెలిసిన తలనొప్పే ఇది: గౌను కుచ్చిళ్లలో, చేతిలోని పూలబుట్టలో దుమ్ము జిడ్డుగా పట్టేస్తుంది. గుడ్డతో తుడిస్తే నూలు పోగు పూరేకుకి తగులుకుంటుంది. నాకు ఒక గులాబీ రేకు అలాగే పోయింది. బోన్ చైనా అంటే సగం దాకా ఎముకల బూడిద కలిపిన మట్టి కాబట్టి గట్టిదే, కానీ రేకుల దగ్గర మాత్రం అప్పడమే.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. బొమ్మను తిరగేస్తే అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, కొలిమిలో కాల్చేటప్పుడు లోపలి గాలి పోవడానికి వదిలింది. దానికి టేపు వేయండి, 1913 నుంచి వస్తున్న హెచ్‌ఎన్ నంబరు (ఏ రకం బొమ్మో చెప్పే కంపెనీ నంబరు) పక్కనే ఉంటే దాని మీద పడకుండా. టేపు వేయకపోతే లోపలికెళ్లిన నీళ్లు రోజుల తరబడి కారుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి బొమ్మను నిలబెట్టి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి మేకప్ బ్రష్ ముంచి మడత మడతకీ అద్దండి (బ్రష్ మెటల్ పట్టీకి కూడా టేపు చుట్టండి, గీతలు పెట్టేది అదే). తర్వాత మంచినీళ్ల బ్రష్‌తో ఓసారి, ఆపైన ఒక రోజంతా ఆరనివ్వండి. పట్టుకునేది పీఠం దగ్గరే, చేయి, మెడ దగ్గర కాదు.

అతికించిన బొమ్మకి మాత్రం ఇది వద్దు, పాత జిగురు గోరువెచ్చని నీళ్లకే వదిలేస్తుంది. అనుమానముంటే చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడండి, అతుకు చాలాసార్లు వేరే రంగులో కనిపిస్తుంది. అలాంటివాటికి పొడి బ్రష్ ఒక్కటే.