పాత బార్న్‌ను విప్పి మరోచోట హాలుగా నిలబెట్టడం ఎలా

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఒహాయోలోనూ 19వ శతాబ్దపు బార్న్‌లు ఇంకా చాలానే ఉన్నాయి. పశువుల సావిడి, కళ్లం, గడ్డి అటక మూడూ ఒకే కప్పు కింద ఉన్న కట్టడం అనుకోండి. తరచుగా కనిపించే కొలత 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, మూడు అంకణాలు. దూలం చివర చెక్కిన నాలుక స్తంభంలోని బెజ్జంలో దూరుతుంది, దానికి అడ్డంగా చెక్క చీల దిగుతుంది. ఆ చీలలు ఊడదీయగలం కాబట్టే దీన్ని విప్పి గ్రంథాలయంగానో పెళ్లిళ్ల హాలుగానో మళ్లీ కట్టగలుగుతున్నాం.

విప్పకుండా మొత్తంగా తరలించడమూ ఉంది. 1988లో నెబ్రాస్కాలోని బ్రూనోలో 344 మంది కలిసి ఒక బార్న్‌ను చేతులతో ఎత్తి 115 అడుగులు మోశారు. దూరం వెళ్లాలంటే మాత్రం దారిలో కరెంటు తీగలు, వంతెనలు, ఇరుకు మలుపులు అడ్డొస్తాయి. విప్పడమే మేలు. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి: చోటు మారిన కట్టడానికి జాతీయ చారిత్రక రిజిస్టర్‌లో, అంటే కాపాడదగ్గ పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో, సాధారణంగా చోటు దొరకదు. ఆ హోదా మీద వచ్చే పన్ను రాయితీల లెక్క విప్పకముందే చూసుకోవాలి.

కొత్త వాడకమేదో కూడా అప్పుడే తేల్చాలి. నేలకు బిగించని కుర్చీలు వేసే సభాస్థలం నేల చదరపు అడుగుకు 100 పౌండ్ల బరువు మోయాలని అమెరికా బిల్డింగ్ కోడ్ నియమం. పాత అటక దూలాలు అంత మోస్తాయో లేదో ఇంజనీరే చెప్పాలి. 49 మంది దాటితే రెండు బయటి దారులుండాలి. చక్రాల కుర్చీ ర్యాంపు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. ఇవి తర్వాత చూసుకుందాంలే అనుకుంటే నిలబెట్టిన స్తంభాల మధ్యే కొత్తగా తలుపులు కోయాల్సి వస్తుంది.

ఇక అసలు పని, గుర్తులు. దాదాపు 1800కి ముందు కట్టిన చట్రాల్లో ప్రతి అతుకునూ ఎదురు కర్రకు సరిపెట్టి చెక్కేవారు. ఒక దూలం మరో స్తంభంలో ఇమడదు. అందుకే వడ్రంగులు ఉలితో రోమన్ అంకెలు కొట్టేవారు. తలకిందులైతే ఆరులా కనబడుతుందని నాలుగుకు తరచుగా నాలుగు గీతలే గీసేవారు. ఆ గుర్తుల్ని చెరపకండి, వాటి మీద ఆధారపడి ఊరుకోనూ వద్దు. ప్రతి కర్రకూ రెండు చివర్లా అల్యూమినియం బిళ్ల కొట్టండి. దాని మీద అడ్డ చట్రం (ఎదురెదురు స్తంభాల్ని అడ్డ దూలంతో కలిపిన వరస) సంఖ్య, కర్ర పేరు, దిక్కు ఉండాలి. బిళ్ల ఎప్పుడూ ఒకే దిక్కు ముఖానికే ఉండాలి, లేకపోతే దూలం తిరగబడినా తెలియదు. కాగితం చీటీలు ఒక్క వానకే పోతాయి.

కట్టిన వరసకు తిరగేసి విప్పాలి: కప్పు, పక్క బల్లలు, వాసాలు, గోడల తల మీది పొడవాటి దూలాలు, చివరికి అడ్డ చట్రాలు. పక్క బల్లలు తీసేముందే చట్రానికి ఏటవాలు బద్దలు కొట్టండి, లేకపోతే గాలికి ఒరుగుతుంది. చీలను సన్నని కొసవైపు నుంచి కొట్టాలి. లావు వైపు కొడితే ఇంకా బిగుస్తుంది. విరిగి లోపల ఉండిపోతే, అంగుళం బెజ్జంలో ముప్పావు అంగుళం బరమాతో తొలిచి మిగతాది ఉలితో తీయండి. పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు, మాస్కు తప్పనిసరి.

కుళ్లు ఎక్కువగా స్తంభాల పాదాల్లో, నేలను అంటిన అడుగు దూలాల్లో, కప్పు కారినచోట ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగినంత మేరా కోసేయాల్సిందే. అదే జాతి ఎండిన కర్రతో ఏటవాలు అతుకు వేయండి, అతుకు పొడవు కర్ర మందానికి మూడు నాలుగు రెట్లుండాలి. పచ్చి కర్ర పెడితే ఏడాదిలో కుంచించుకుపోయి సందు తేలుతుంది. పుచ్చు పురుగుకు కర్ర ఎండబెట్టే వేడి గదిలో (కిల్న్) వేడి పెట్టడం మంచి మందు: కర్ర నడిమధ్య 56 డిగ్రీల సెల్సియస్ వేడి అరగంట నిలవాలి. ఇసుక బ్లాస్టింగ్ మాత్రం చేయించకండి. గొడ్డలి గాట్లన్నీ పోయి దూలం నిన్న కొన్నదానిలా తయారవుతుంది.

పునాది దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. కాగితం మీద 30 అడుగులున్న చట్రం నిజంగా కొలిస్తే అంగుళం అటో ఇటో ఉంటుంది. బాగుచేసిన చట్రాన్ని నేల మీద పరిచి, మూల నుంచి మూలకు కొలిచాకే కాంక్రీటు పోయండి. చెక్కకూ మట్టికీ మధ్య 8 అంగుళాలైనా ఎడముండాలి, కాంక్రీటు మీద తేమ ఎక్కకుండా పొర వేయాలి.

అడ్డ చట్రాన్ని పడుకోబెట్టి బిగించి, క్రేన్‌తో లేపి, తూకం గుండుతో నిలువు చూసుకుని తాత్కాలిక ఊతాలు కొట్టండి. కొత్త చీలలు గొడ్డలితో చీల్చిన ఎండు ఓక్‌వి కావాలి. రంపపు కోతలో నార తెగిపోయి, కొట్టేటప్పుడే విరుగుతాయి. చలికి ఇన్సులేషన్ పలకల్ని చట్రానికి బయటివైపే తొడగండి, లోపల దూలాలు కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. పక్క బల్లలు పూర్తయ్యేదాకా ఊతాలు తీయొద్దు.