హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వస్తే రిపోర్టు ఎలా చదవాలి

హైదరాబాద్‌లో ఒక వైరాలజీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. హెపటైటిస్ బి, సి శాంపిళ్లతోనే రోజు గడుస్తుంది కాబట్టి, చుట్టాల్లో ఎవరికి పాజిటివ్ వచ్చినా రిపోర్టు ఫోటో ముందు నా వాట్సాప్‌కే వస్తుంది. గర్భిణిగా ఉన్నప్పుడు చేసే పరీక్షల్లోనో, ఆపరేషన్ ముందో బయటపడుతుంది. ఒంట్లో ఏ బాధా ఉండదు, టెన్షన్ మాత్రం ఇల్లంతా ఉంటుంది.

ముందు పరీక్ష పేరు సరిగ్గా చూడండి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే లివర్‌కు సోకే హెపటైటిస్ బి వైరస్ పైతొడుగు ప్రొటీన్ (యాంటిజెన్) మీ రక్తంలో ఉందని. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే దానికి పూర్తిగా ఎదురు: టీకా వల్లో, జబ్బు వచ్చి తగ్గడం వల్లో మీకు రక్షణ ఉందని. ఆ అంకె 10 గాని అంతకు మించి గాని ఉంటే సంతోషించాల్సిన విషయం. దాన్ని చూసి ఏడ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఈ హెచ్‌బీఎస్‌ఏజీ యాంటిజెన్‌ను 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లమ్‌బర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో గుర్తించినప్పుడు ఆయన వెతుకుతున్నది కామెర్ల కారణం కాదు, మనిషికీ మనిషికీ రక్తంలో ఉండే తేడాలు. ఆ దారిలోనే 1976లో నోబెల్ దాకా వెళ్లాడు.

తర్వాత, పరీక్ష ఎలా చేశారో అడగండి. కార్డు మీదైతే సీరమ్ చుక్కలు వేశాక సి (కంట్రోల్) దగ్గర ఒక గీత రావాలి, అది రాకపోతే కార్డే చెల్లదు. టి (టెస్ట్) దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. కానీ కిట్ మీద రాసిన టైమ్ దాటిపోయాక కనబడిన గీతను నమ్మకూడదు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి చూస్తే కొన్ని కార్డుల మీద లేని గీతలు మొలుస్తాయి. అందుకే ల్యాబ్‌లో చేసే ఎలైజా పద్ధతిలో మళ్లీ చేయించండి.

అదీ పాజిటివ్ అయితే, కొత్తదా పాతదా తేలాలి. యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (వైరస్ సోకిన కొత్తలో ఒంట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ అయితే ఈమధ్యే సోకి ఉండొచ్చు. పెద్దవాళ్లకు కొత్తగా సోకితే చాలామందికి దానంతటదే పోతుంది. ఆరు నెలలు దాటినా హెచ్‌బీఎస్‌ఏజీ పోకపోతే దీర్ఘకాలికం అంటాం. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకినవాళ్లలో నూటికి 90 మందిలో ఇలాగే ఉండిపోతుంది.

అసలు చదవాల్సింది ఇక్కడినుంచే. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే ప్రొటీన్), హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె), ప్లేట్‌లెట్లు, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) అన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. డీఎన్‌ఏ కోట్లలో ఉందని ఒక్క అంకె పట్టుకుని బెంబేలు పడొద్దు. కుర్రవాళ్లలో వైరస్ కోట్లలో ఉన్నా లివర్ బాగానే ఉండొచ్చు. వైరస్ తక్కువే ఉన్నా లివర్ అప్పటికే గట్టిపడి ఉండొచ్చు, నాకు భయం ఇలాంటి రిపోర్టులంటేనే. మందు ఇప్పుడే వద్దని డాక్టర్ అన్నా, చెప్పిన గడువుకు మళ్లీ పరీక్షలు తప్పవు. వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్ర మొదలుపెడితే మాత్రం సొంతంగా ఆపకండి, వైరస్ ఒక్కసారిగా విజృంభించవచ్చు. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

పసరు మందు సంగతి అడగకుండా ఉండరు. హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. బి విషయంలో అది పనిచేయదు, కొన్ని ఆకులు లివర్‌నే దెబ్బతీస్తాయి.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, రక్షణ లేనివాళ్లకు మూడు డోసుల టీకా వేయించండి. 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ టీకా తెచ్చాక ధర బాగా దిగింది. తల్లికి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే టీకా పడాలి, ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా. ఆసుపత్రికి ముందే చెప్పి ఉంచండి, ఆదివారం రాత్రి కాన్పయితే ఆ ఇంజెక్షన్ కోసం పరుగులు పెట్టాల్సి వస్తుంది. కంచాలు, గ్లాసులు వేరు చేయక్కర్లేదు. రేజర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లవే.

రిపోర్టులో యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్ యాంటీబాడీ) పాజిటివ్ అని ఉంటే ఇదంతా వర్తించదు. జబ్బు నయమైపోయినా ఆ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వైరస్‌నే నేరుగా వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి. అందులో వైరస్ ఉన్నట్టు తేలితే మాత్రలున్నాయి, చాలామందికి 12 వారాల్లో కోర్సు అయిపోతుంది.